నలభై ఆరేళ్ళకు అదుపు తప్పిన నెలసరి: గర్భసంచి తీయించుకోవలసిందేనా?

ప్రశ్న: గోదావరి గట్టు టీచరు

అందరికీ నమస్కారం. నా వయసు 46 ఏళ్ళు. రాజమహేంద్రవరం దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే, రెండో బాబు పుట్టాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నాను. పదమూడో ఏట పెద్దమనిషినైనప్పటి నుంచి నెలసరి ఎప్పుడూ రోజు తప్పలేదు. అలాంటిది ఏడాదిన్నరగా ఆ లెక్క పూర్తిగా చెడిపోయింది. ఒకసారి ఇరవై రోజులకే వస్తుంది, తర్వాత రెండు నెలలు అసలు కనిపించదు, మళ్ళీ వచ్చిందంటే పది పన్నెండు రోజులకు గాని ఆగదు. మొదటి మూడు రోజులు గంటకో ప్యాడ్ మార్చుకోవలసి వస్తోంది, రూపాయి బిళ్ళ కంటే పెద్ద గడ్డలు పడుతున్నాయి. వరుసగా రెండు తరగతులు ఉన్న రోజున బోర్డు వైపు తిరిగి రాయాలంటే నాకు భయం వేస్తోంది. కొంగు వెనక నుంచి తిప్పి నడుముకు చుట్టుకుని, పిల్లల వైపే ముఖం పెట్టి నిలబడి, లెక్కలన్నీ వాళ్ళ చేతే బోర్డు మీద చేయిస్తున్నాను.

రాత్రుళ్ళు మరో బాధ. రెండు గంటల వేళ గుండెల దగ్గర మొదలైన వేడి మెడ మీదుగా ముఖానికి పాకుతుంది, చూస్తుండగానే జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోతుంది, ఆ చెమట ఆరీ ఆరకముందే వణుకు పుడుతుంది. డిసెంబరు చలిలో కూడా ఫ్యాను ఐదు మీద ఉండాలంటాను కాబట్టి మా వారు దుప్పటి తీసుకుని హాల్లోకి వెళ్ళి పడుకుంటున్నారు. తెల్లవారేసరికి కళ్ళు మండుతాయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న పైథాగరస్ సిద్ధాంతం నిరూపణలో మొన్న ఒక మెట్టు గుర్తుకు రాక తరగతిలో అలాగే నిలబడిపోయాను. ఒక పిల్లవాడిని అకారణంగా కసిరి, తర్వాత స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చాను. నేను అలాంటి మనిషిని కాను.

మా దగ్గరలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ చేశారు. గర్భసంచి కొంచెం పెద్దదిగా ఉందని, రెండు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ) ఒకటి ఉందని, లోపలి పొర మందం 13 మిల్లీమీటర్లు ఉందని రిపోర్టులో రాశారు. హిమోగ్లోబిన్ 8.4 ఉంది. ఆ రిపోర్టు చూసిన అయిదు నిమిషాల్లోనే అక్కడి డాక్టరు, పిల్లలు పుట్టేశారు కాబట్టి గర్భసంచి తీసేద్దామని, పనిలో పనిగా అండాశయాలు కూడా తీసేస్తే ముందుముందు క్యాన్సర్ భయం ఉండదని చెప్పి, ఆపరేషన్‌కు తేదీ రాసి ఇచ్చారు. మా అత్తగారు, ఆడపడుచు ఇద్దరూ ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే కావడం వల్ల ఇంట్లో దీన్ని పెద్ద విషయంగా ఎవరూ అనుకోవడం లేదు.

నాకు మూడు సందేహాలు ఉన్నాయి. ఇదంతా ముట్లుడిగే వయసులో అందరికీ వచ్చేదేనా, లేక వేరే జబ్బా? తీయించుకోవడం తప్ప దారి లేదా? తీయించుకుంటే ఈ వేడి ఆవిర్లు, నిద్రలేమి కూడా పోతాయా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1: విశ్రాంత స్త్రీ వైద్యురాలు

అమ్మా, మీ మూడో సందేహానికి ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే ఆపరేషన్ తేదీ మీ చేతిలో ఉంది. గర్భసంచి తీయిస్తే రక్తస్రావం ఆగుతుంది. అండాశయాలు కూడా తీయిస్తే మాత్రం మీ వేడి ఆవిర్లు తగ్గవు సరికదా, ఒక్కసారిగా పెరుగుతాయి. గర్భసంచి బిడ్డ పెరిగే చోటు, అండాశయాలు హార్మోన్లు తయారయ్యే చోటు. ఈ రెండింటినీ ఒకే మాటలో కలిపి తీసేద్దాం అనడం మన ప్రాంతంలో ఎంత అలవాటైపోయిందో ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసిన నాకు బాగా తెలుసు, అందుకే ఈ తేడా దగ్గర కాసేపు ఆగుతున్నాను. అండాశయాలు సహజంగా ఉడిగేటప్పుడు కొన్నేళ్ళ పాటు తగ్గుతూ, మధ్యలో పెరుగుతూ, మెల్లగా విరమిస్తాయి. ఆపరేషన్‌తో తీసేసినప్పుడు ఆ కొన్నేళ్ళ మార్పు ఒక్క పూటలో జరిగిపోతుంది. 45 ఏళ్ళ లోపు అలా తీసేసినవారిలో ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి. కుటుంబంలో అండాశయ క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ చరిత్ర బలంగా ఉన్నవారికి, జన్యు పరీక్షలో లోపం తేలినవారికి వాటిని తీయడంలో అర్థం ఉంది. మిగిలినవారికి, ముఖ్యంగా ముట్లు ఇంకా ఉడగనివారికి, ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను ముందుజాగ్రత్త పేరుతో తీయడం మంచిది కాదు. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా, అవి కొంత ముందుగానే ఉడిగిపోయే అవకాశం ఉంటుందని కూడా తెలుసుకోవాలి.

ఇప్పుడు మీ ఒంట్లో ఏం జరుగుతోందో చెబుతాను. చివరి నెలసరి వచ్చి పన్నెండు నెలలు గడిచాక దాన్ని మెనోపాజ్ అంటాం. మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్ళకు వస్తుంది, పాశ్చాత్య దేశాల్లో 51 దాకా పడుతుంది. దానికి ముందు నాలుగైదేళ్ళు, కొందరిలో అంతకన్నా ఎక్కువ, సాగే దశను పెరిమెనోపాజ్ అంటాం. మీరున్నది బహుశా ఆ దశలోనే. ఈ దశలో అండాశయాలు తయారు చేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ క్రమంగా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి మొదట తగ్గేది క్రమబద్ధత. కొన్ని నెలల్లో అండం విడుదల కాదు. అండం విడుదలైతేనే ప్రొజెస్టెరాన్ అనే రెండో హార్మోన్ తయారవుతుంది, గర్భసంచి లోపలి పొరను పద్ధతిగా ఉంచేది, నెలాఖరుకు ఒక్కసారిగా రాలిపోయేలా చేసేది అదే. అండం విడుదల కాని నెలలో ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేస్తూ పొరను మందంగా పెంచుకుంటూ పోతుంది, రెండు నెలలు నెలసరి రాదు, చివరికి ఆ పొర నిలవలేక ముక్కలు ముక్కలుగా, రోజుల తరబడి రాలుతుంది. మీరు రాసిన రెండు నెలల విరామం, ఆ తర్వాతి పన్నెండు రోజుల రక్తస్రావం ఈ వరుసకు సరిగ్గా సరిపోతున్నాయి. 13 మిల్లీమీటర్ల మందం కూడా నెలసరి ఆలస్యమైన సమయంలో స్కానింగ్ చేసి ఉంటే ఆశ్చర్యపడవలసిన సంఖ్య కాదు. ముట్లు పూర్తిగా ఆగిపోయాక రక్తం కనిపించిన స్త్రీకి నాలుగు మిల్లీమీటర్లు దాటినా మేము జాగ్రత్త పడతాం, కానీ ఆ కొలతను నెలసరి ఇంకా వస్తున్న మీకు వర్తింపజేయకూడదు. ఇక రెండు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ అంటే ఉసిరికాయంత కూడా లేని గడ్డ. అది లోపలి పొరలోకి పొడుచుకు వచ్చి ఉంటే రక్తస్రావానికి కారణం కావచ్చు, గోడలోనో బయటి వైపో ఉంటే ఆ సైజుకు సాధారణంగా ఏ బాధా ఉండదు, ముట్లుడిగాక అవి చాలావరకు కుంచించుకుపోతాయి కూడా. అది ఎక్కడ ఉందో మీ రిపోర్టులో రాసి ఉండాలి, లేకపోతే అడిగి రాయించుకోండి.

అయితే ఇదంతా వయసు ప్రభావమేనని ఊరుకోవడం కూడా తప్పే, నేను ఆపరేషన్ వద్దంటున్నానని మీరు పరీక్షలు మానుకోవద్దు. గంటకో ప్యాడ్ తడవడం, పెద్ద గడ్డలు పడటం, ఏడు రోజులు దాటడం ఏ వయసులోనూ మామూలు విషయం కాదు. 45 దాటినవారికి ఇలా జరిగినప్పుడు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. సన్నటి గొట్టంతో ఓపీలోనే కొద్ది నిమిషాల్లో అయిపోయే పని అది, ఆ సమయంలో పొత్తికడుపులో పట్టేసినట్టు నొప్పి వస్తుంది, అంతకు మించి ఉండదు. మీకు ఆ పరీక్ష చేయకుండానే ఆపరేషన్ తేదీ ఇవ్వడమే నన్ను బాధపెట్టింది. దానితో పాటు థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా రక్తస్రావం పెరుగుతుంది, మతిమరుపు, నీరసం వస్తాయి. థైరాయిడ్ పెరిగితే చెమటలు, గుండెదడ, నిద్రలేమి వస్తాయి. షుగర్, బీపీ చూపించుకోండి. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పాప్ స్మియర్ గాని హెచ్‌పీవీ పరీక్ష గాని చేయించుకోండి. హార్మోన్ల ప్యాకేజీ పేరుతో ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రోజెన్ పరీక్షలు రాస్తే మాత్రం ఆ డబ్బు మిగుల్చుకోండి. ఈ దశలో అవి ఒక వారానికీ మరో వారానికీ పొంతన లేకుండా మారిపోతాయి, 45 దాటిన స్త్రీ చెప్పే లక్షణాలే వాటి కంటే నమ్మదగిన ఆధారం.

మీ ఆయాసం, మతిమరుపుల్లో సగం హిమోగ్లోబిన్ 8.4 చేస్తున్న పనేనని నా అనుమానం. అది 12 ఉండాలి. ఐరన్ మాత్రను నిమ్మరసంతోనో, ఉసిరి తిన్న తర్వాతో వేసుకోండి. టీ, కాఫీలకు, క్యాల్షియం మాత్రకు కనీసం రెండు గంటల దూరం ఉంచండి. చాలామంది ఉదయం టీతో పాటే మాత్ర మింగి, రక్తం పెరగడం లేదని బాధపడతారు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు మాత్రలు కొనసాగించాలి, లేకపోతే శరీరంలో నిల్వ నిండదు. మాత్రలు పడకపోతే సెలైన్‌లో కలిపి ఎక్కించే ఐరన్ ఉంది.

రక్తస్రావానికి ఆపరేషన్ కంటే ముందు ప్రయత్నించవలసినవి చాలా ఉన్నాయి. ఎక్కువగా పోయే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి, కాళ్ళలో గాని ఊపిరితిత్తుల్లో గాని రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు వాటిని వాడకూడదు. మీ శరీరం తయారు చేయలేకపోతున్న ప్రొజెస్టెరాన్‌ను మాత్రల రూపంలో ఇచ్చే పద్ధతి ఉంది. పొర పరీక్షలో భయపడవలసినది ఏదీ లేకపోతే, నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ మంది స్త్రీలను ఆపరేషన్ నుంచి తప్పించింది గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్. అది లోపలి పొర దగ్గరే రోజుకు అతి కొద్ది మోతాదులో హార్మోన్‌ను విడుదల చేస్తూ ఆ పొరను పలుచగా ఉంచుతుంది. అమర్చిన మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు మరకలుగా కనిపిస్తూ విసుగు పుట్టిస్తుంది, అది ముందే చెప్పకపోతే రెండో నెలలోనే తీయించేసుకుంటారు. ఓపిక పడితే చాలామందిలో నెలసరి నామమాత్రమవుతుంది, అయిదేళ్ళ పైన పనిచేస్తుంది, అప్పటికి మీ ముట్లుడిగే సమయం కూడా దగ్గరపడుతుంది.

ఇవన్నీ విఫలమైతేనో, పరీక్షలో క్యాన్సర్ గాని దానికి దారితీసే మార్పు గాని బయటపడితేనో, ఫైబ్రాయిడ్లు బాగా పెద్దవై మూత్రాశయాన్ని నొక్కుతుంటేనో, అప్పుడు గర్భసంచి తీయడం సరైన వైద్యమే. అలాంటి స్త్రీలకు నేను స్వయంగా ఎన్నో ఆపరేషన్లు చేశాను, వాళ్ళు హాయిగా ఉన్నారు. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడానికి మొహమాటపడకండి.

జవాబు 2: ప్రకాశం జిల్లా నుంచి

అక్కా, మీ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నాకు 36 ఏళ్ళప్పుడు తెల్లబట్ట ఎక్కువగా అవుతోందని, నడుం నొప్పి అని ఒక ఆసుపత్రికి వెళ్ళాను. గర్భసంచి మూతి దగ్గర పుండు ఉంది, వాపు ఉంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది అన్నారు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక ఇంకేమీ వినిపించదు అక్కా. ఏ పరీక్షా చేయలేదు. మిరప కోతలయ్యాక వచ్చిన డబ్బులు అందులోకే పోయాయి. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారన్న సంగతి నాకు పదేళ్ళ తర్వాత, వేరే డాక్టరు పాత కాగితాలు చదివి చెబితే తెలిసింది.

ఆపరేషన్ అయిన నెల తిరక్కుండానే ఒళ్ళంతా మంటలు మొదలయ్యాయి. రోజుకు ఇన్నిసార్లు అని లెక్క ఉండేది కాదు. కీళ్ళ నొప్పులు, నిద్ర లేకపోవడం, ఎవరు పలకరించినా ఏడుపు రావడం, ఇవన్నీ చూసి ఆపరేషన్ పడలేదన్నారు తప్ప హార్మోన్లు ఆగిపోవడం వల్లనని ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు నాకు 48. కిందటి ఏడు పెరట్లో బిందె ఎత్తుతూ కాలు జారి చెయ్యి నేలకు ఆనించాను, అంతే, మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరు ఇంత చిన్న దెబ్బకు విరగకూడదని చెప్పి ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ చేయించారు. మా అమ్మ ఎముకలు నాకంటే గట్టిగా ఉంటాయేమో అనిపించింది ఆ రిపోర్టు చూశాక.

మా వీధిలో నలభై లోపు గర్భసంచి తీయించుకోని ఆడవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మా చెల్లెలు ఆశా కార్యకర్త, ఈ సంగతి తనే నాకు లెక్కలతో చూపించింది. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారట. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అనవసరమైన ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మార్గదర్శకాలు ఇచ్చిందని, వాటిని మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పిందని కూడా తనే చెప్పింది. నా వరకు అవి ఆలస్యంగా వచ్చాయి. మీరు సంతకం పెట్టే ముందు ఆ కాగితంలో ఏమేం తీస్తారో తెలుగులో చదివించుకోండి అక్కా.

జవాబు 3: గోదావరి గట్టు టీచరు

డాక్టరుగారూ, మీరు ఇంత ఓపికగా రాసినందుకు ఏమని కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ప్రకాశం జిల్లా చెల్లీ, నీ మాటలు మా వారికి చదివి వినిపించాను, ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆపరేషన్ తేదీ ప్రస్తుతానికి వదిలేశాం.

ఒక సందేహం మిగిలింది. రాత్రి వచ్చే ఆవిర్లకు హార్మోన్ మాత్రలు ఉంటాయని విన్నాను, అవి వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందని కూడా విన్నాను. ఓర్చుకుంటే ఏడాదిలో వాటంతట అవే తగ్గిపోతాయని మా తోటి టీచర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు 4: విశ్రాంత స్త్రీ వైద్యురాలు

ఏడాదిలో తగ్గిపోయేవారు ఉన్నారు గాని అందరూ అలా ఉండరు. అమెరికాలో వేల మంది మధ్యవయసు స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించిన స్వాన్ అనే అధ్యయనం 2015లో వెల్లడించిన ప్రకారం, తరచుగా ఆవిర్లు వచ్చేవారిలో అవి సగటున ఏడేళ్ళకు పైగా కొనసాగాయి. అంతకాలం నిద్రలేకుండా ఓర్చుకోమని ఏ స్త్రీకైనా చెప్పడం న్యాయం కాదు. మన మెదడులో ఒంటి వేడిని సమంగా ఉంచే కేంద్రం ఒకటుంది. ఈస్ట్రోజెన్ హెచ్చుతగ్గులు పడుతున్నప్పుడు ఆ కేంద్రం మరీ సున్నితంగా తయారై, మామూలు వెచ్చదనాన్ని కూడా పెద్ద వేడిగా పొరబడి, చర్మంలోని రక్తనాళాలను తెరిచి చెమట పట్టిస్తుంది. మీకు ఆ తర్వాత వణుకు ఎందుకు పుడుతోందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది: అసలు పెరగని వేడిని శరీరం తగ్గించేసింది.

ఇక క్యాన్సర్ భయం గురించి. అది 2002 జులైలో మొదలైంది. ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో 16,608 మంది స్త్రీలతో సాగుతున్న ఒక భాగాన్ని ఆ నెలలో మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజెన్, కృత్రిమ ప్రొజెస్టెరాన్ కలిపి వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ ఏడాదికి పదివేల మందికి 30 నుంచి 38కి పెరిగిందని తేలింది. అంటే పదివేల మందికి ఎనిమిది మంది ఎక్కువ. ఆ ఎనిమిది అన్న అంకె ఎవరికీ గుర్తులేదు, భయం మాత్రం ప్రపంచమంతా పాకింది. ఆ అధ్యయనంలో పాల్గొన్నవారి సగటు వయసు 63 ఏళ్ళు, అంటే చాలామందికి ముట్లుడిగి పదేళ్ళు దాటింది. గర్భసంచి లేకపోవడం వల్ల ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఈ వివరాలన్నీ బేరీజు వేసి చూశాక, 60 ఏళ్ళ లోపు, లేదా ముట్లుడిగిన పదేళ్ళ లోపు, బాధలు తీవ్రంగా ఉండి వేరే అభ్యంతరాలు లేనివారికి ఈ వైద్యంలో నష్టం కంటే మేలే ఎక్కువని ఇప్పుడు వైద్య సంఘాలు చెబుతున్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారు, కాలేయ జబ్బు ముదిరినవారు దీనికి దూరంగా ఉండాలి. మీ విషయంలో మరో అడ్డంకి ఉంది. కారణం తేలని రక్తస్రావం ఉండగా ఈస్ట్రోజెన్ మొదలుపెట్టకూడదు, కాబట్టి పొర పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగవలసిందే. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్‌ను ఒంటరిగా ఎప్పుడూ వాడకూడదు, ప్రొజెస్టెరాన్ తోడు ఉండాలి. నేను చెప్పిన హార్మోన్ లూప్ ఆ తోడుగా కూడా పనికివస్తుంది. ఈస్ట్రోజెన్‌ను మాత్రగా కాక చర్మానికి రాసుకునే జెల్ రూపంలో వాడితే రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ, అది మన దగ్గర కూడా దొరుకుతుంది.

హార్మోన్లు వద్దనుకునేవారికి, వాడకూడనివారికి వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి మందులు కొంతవరకు ఉపశమనం ఇస్తాయి. దిగులు రోజుల తరబడి వదలకపోతే, బతకాలని లేదన్న ఆలోచన వస్తే, అది వయసు ప్రభావమని సర్దుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడతారు.

జవాబు 5: న్యూజెర్సీ నుంచి ఒక గుంటూరు అమ్మాయి

అమ్మాయి అని రాసుకున్నాను గాని నాకు 54 ఏళ్ళు. ఈ చర్చలో ఎవరూ ఎత్తని ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే దీని గురించి నేను నా తోబుట్టువులతో కూడా మాట్లాడలేకపోయాను. ముట్లుడిగిన రెండేళ్ళకు నాకు మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ పదే పదే వచ్చేవి. యాంటీబయాటిక్ వాడిన ప్రతిసారీ తగ్గడం, నెల తిరక్కుండా మళ్ళీ రావడం. భర్త దగ్గరకు వెళ్ళాలంటే నొప్పి భయం. ఇద్దరి మధ్యా చెప్పుకోలేని దూరం పెరిగింది, ఆయన తన తప్పేమో అనుకున్నారు, నేను ముసలిదాన్నైపోయానేమో అనుకున్నాను. చివరికి ఒక నర్సు అడిగిన సూటి ప్రశ్నతో విషయం బయటపడింది. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు యోని గోడలు, మూత్రనాళం చుట్టూ ఉండే పొర పలుచబడి పొడిబారతాయట. ఆవిర్లు కాలంతో పాటు తగ్గుతాయి గాని ఇది వైద్యం లేకుండా తగ్గేది కాదు, పైగా ముదురుతుంది.

లోపల రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ ఇచ్చారు. అది రక్తంలోకి చేరేది చాలా స్వల్పమని, అందుకే దీనికి ప్రొజెస్టెరాన్ తోడు అక్కర్లేదని చెప్పారు. మూడు నెలలు తిరిగేసరికి ఇన్ఫెక్షన్లు ఆగిపోయాయి. గుంటూరులో ఉన్న మా పెద్దక్కకు ఫోనులో ఈ సంగతి చెప్పడానికి నాకు ధైర్యం కూడగట్టుకోవడానికి వారం పట్టింది. చెప్పాక తెలిసింది, తను నాలుగేళ్ళుగా ఇదే బాధ పడుతూ రోజూ బార్లీ నీళ్ళు తాగి సరిపెట్టుకుంటోందని.

జవాబు 6: ఆహార నిపుణురాలు, తార్నాక

ఎముకల ప్రస్తావన వచ్చింది కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. మన దేశంలో పెద్దలకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలని, ముట్లుడిగిన స్త్రీలకు 1,200 కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో సిఫార్సు చేసింది. వంద గ్రాముల రాగి పిండిలో సుమారు 360 మిల్లీగ్రాములు, ఒక గ్లాసు పాలలో రెండు వందల పైచిలుకు ఉంటాయి. రాగి సంకటో రాగి జావో, రెండు పూటలా పెరుగు, నువ్వుల పొడి, మునగాకు, తోటకూర తింటే మాత్ర అవసరం చాలావరకు తగ్గుతుంది. పొట్ట చుట్టూ కొవ్వు చేరడానికి కారణం హార్మోన్లు మాత్రమే కాదు, ఈ వయసులో కండ తరిగిపోవడం కూడా. అందుకే అన్నం ముద్దలు రెండు తగ్గించి ఆ మేరకు పప్పు, గుడ్డు, చేప, శనగలు పెంచండి. నడక మంచిదే, అయితే ఎముకకూ కండకూ బరువు కావాలి. వారానికి రెండు మూడు రోజులు నీళ్ళ సీసాలు పట్టుకుని చేతులు లేపడం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిహేనుసార్లు లేచి కూర్చోవడం వంటివి చేయండి. ఒక్క హెచ్చరిక: విటమిన్ డి 60,000 యూనిట్ల మోతాదును సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలు మాత్రమే రాస్తారు. దాన్ని రోజువారీ మాత్ర అనుకుని వేసుకుని, క్యాల్షియం పెరిగిపోయి ఆసుపత్రిలో చేరినవారిని నేను చూశాను.

జవాబు 7: గోదావరి గట్టు టీచరు, రెండు నెలల తర్వాత

అందరికీ మళ్ళీ నమస్కారం. మీరంతా ఏమైందోనని అనుకుంటూ ఉంటారు కాబట్టి రాస్తున్నాను. వేరే గైనకాలజిస్టు దగ్గరకు వెళ్ళాం, ఈసారి మా వారు కూడా లోపలికి వచ్చి కూర్చున్నారు. పొర ముక్క పరీక్షలో క్యాన్సర్ లక్షణాలు ఏవీ లేవు, డాక్టరుగారు చెప్పినట్టుగానే అండం విడుదల కాకపోవడం వల్ల వచ్చిన మార్పు అని రాశారు. ఫైబ్రాయిడ్ గోడలో ఉందట, దాన్ని ముట్టుకోవలసిన పని లేదన్నారు. మరో సంగతి కూడా బయటపడింది: థైరాయిడ్ పరీక్షలో నా టీఎస్‌హెచ్ 11 ఉంది, అంటే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందన్నమాట. థైరాయిడ్ మాత్ర ఉదయం పరగడుపున వేసుకుంటున్నాను, ఐరన్ మధ్యాహ్నం భోజనానికి గంట ముందు నిమ్మరసంతో వేసుకుంటున్నాను. హిమోగ్లోబిన్ 10.6కి వచ్చింది. బడి మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను.

హార్మోన్ లూప్ అమర్చుకుని అయిదు వారాలైంది. అమర్చేటప్పుడు నొప్పి బాగానే ఉంది, ఆ పూట సెలవు పెట్టాను. గడ్డలు పడటం ఆగింది, అయితే మరకలు రోజూ కనిపిస్తూనే ఉన్నాయి. పదో తరగతి గదిలో గోడకున్న క్యాలెండరు మీద నాకు మాత్రమే అర్థమయ్యేలా పెన్సిలుతో చిన్న చుక్కలు పెట్టుకుంటున్నాను, ఈ నెలలో ఇరవై రెండు చుక్కలు ఉన్నాయి. ఆవిర్లు రాత్రికి నాలుగు నుంచి రెండుకు తగ్గాయి, అది థైరాయిడ్ మాత్ర వల్లనో, సాయంత్రం కాఫీ మానేయడం వల్లనో తెలియదు. జెల్ సంగతి మరో నెల చూసి ఆలోచిద్దామన్నారు. ఈ మరకలు ఇంకెన్నాళ్ళు ఉంటాయి డాక్టరుగారూ, తీయించేసుకోమని మా ఆడపడుచు రోజూ ఫోను చేస్తోంది.

జవాబు 8: విశ్రాంత స్త్రీ వైద్యురాలు

తీయించుకోకండి అమ్మా. అయిదో వారంలో ఇరవై రెండు చుక్కలు మామూలే. మూడో నెలకు పది పన్నెండు అవుతాయి, ఆరో నెలకు మీరు పెన్సిలు వెతుక్కోవలసిన అవసరం చాలావరకు రాదు. ఈలోగా మళ్ళీ గంటకో ప్యాడ్ తడిస్తే, జ్వరంతో పాటు పొత్తికడుపు నొప్పి వస్తే, లూప్ దారం చేతికి తగలకపోతే మాత్రం ఆగకుండా వెళ్ళి చూపించుకోండి. టీఎస్‌హెచ్ మళ్ళీ ఎప్పుడు చూడాలన్నది మీ డాక్టరు రాసే ఉంటారు, సాధారణంగా మాత్ర మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు చూస్తాం. ఆ చుక్కలు మానకుండా పెట్టండి, తర్వాతిసారి వెళ్ళినప్పుడు ఆ క్యాలెండరు కాగితాన్నే మీ డాక్టరుకు చూపించండి.